మీ ప్రశ్న – మా జవాబు: పన్ను వసూలు చేసేదెవరు, ఎప్పటి నుంచి?

పన్ను ఎలా తగ్గించుకోవాలని అడిగే ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. ఈసారి విశాఖ పాఠకులు కొందరు పన్ను వసూలు చేసే శాఖ గురించే అడిగారు. ఈ సంచిక వారికే కేటాయిస్తున్నాం.

ఆదాయపు పన్నును యుద్ధం ఖర్చుల కోసం తాత్కాలికంగా పెట్టారని, తర్వాత తీయడం మరచిపోయారని మా నాన్నగారు అంటుండేవారు. ఇందులో నిజమెంత? ఆ రోజుల్లో మన జిల్లాలో దాన్ని ఎవరు వసూలు చేసేవారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మర్రిపాలెం

మీ నాన్నగారి మాటలో మొదటి సగం అక్షరాలా నిజం. రెండో సగం మాత్రం కాదు, ఎందుకంటే ఆ పన్నును ఒకసారి కాదు, రెండుసార్లు తీసేసి మళ్లీ పెట్టారు. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో ప్రభుత్వం అప్పుల్లో కూరుకుపోగా, లెక్కలు చక్కబెట్టడానికి జేమ్స్ విల్సన్‌ను ఇంగ్లండు నుంచి వైస్రాయి మండలికి ఆర్థిక సభ్యుడిగా పంపారు. ఆయన ప్రతిపాదించిన ఆదాయపు పన్ను అయిదేళ్ల గడువుతో 1860 జూలై 24న అమల్లోకి వచ్చింది. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయానికి మినహాయింపు ఉండేది. 200 నుంచి 500 వరకు 2 శాతం, ఆపైన 4 శాతం కట్టవలసి వచ్చేది. భూమి మీద వచ్చేది, వృత్తి వ్యాపారాల మీద వచ్చేది, ప్రభుత్వ రుణపత్రాల మీద వచ్చేది, జీతాలు పింఛన్ల రూపంలో వచ్చేది అని ఆదాయాన్ని నాలుగు తరగతులు చేశారు.

అప్పటికి మన విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలోది కనుక, మద్రాసులో జరిగిన గొడవను ఇక్కడ చెప్పుకోకుండా ఉండలేం. మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్నును గట్టిగా వ్యతిరేకించారు. కొత్త పన్నులు వేసి జనాన్ని రెచ్చగొట్టడం కంటే సైనిక వ్యయం తగ్గించుకోవడం మేలని ఆయన వాదన. అంతటితో ఊరుకోక తన అభ్యంతరాన్ని బహిరంగంగా ప్రకటించడంతో, 1860లోనే ఆయనను పదవి నుంచి వెనక్కి పిలిపించారు. విల్సన్ అదే ఏడాది ఆగస్టులో కలకత్తాలో అనారోగ్యంతో మరణించారు. కొద్ది కాలానికి ఆ ఆర్థిక సభ్యుడి పదవిలోకి ట్రెవెల్యనే వచ్చి కూర్చున్నారు. ఆయన హయాంలోనే, 1865లో, గడువు తీరిన పన్నును పొడిగించకుండా వదిలేశారు. పన్నును కాదన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి చేతి మీదుగానే ఆ పన్ను రద్దు కావడం ప్రభుత్వ చరిత్రలో అరుదైన సంగతి.

ఆ తర్వాత లైసెన్సు పన్ను రూపంలో ఒకసారి, 1869లో మళ్లీ ఆదాయపు పన్నుగా తిరిగి వచ్చి, 1873లో మరోసారి పోయింది. 1886లో చేసిన చట్టంతో మాత్రం అది పాతుకుపోయింది. వ్యవసాయ ఆదాయాన్ని పన్ను నుంచి తప్పించినది ఆ చట్టమే. భూమికి శిస్తు కడుతున్నప్పుడు దాని ఆదాయం మీద మళ్లీ పన్నేమిటని, శాశ్వత శిస్తు ఒప్పందమే ఉండగా ఇదెక్కడి న్యాయమని జమీందార్లు అడుగుతున్న కాలమది. మన జిల్లాలో అధిక భాగం జమీందారీ భూమే కనుక ఆ ప్రశ్నకు ఇక్కడ ఎంత బలం ఉండేదో ఊహించుకోవచ్చు. ఆనాటి ఆ విభజనే నేటి రాజ్యాంగంలోనూ కనిపిస్తుంది: వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలది, మిగతా ఆదాయం మీద కేంద్రానిది.

ఇక ఎవరు వసూలు చేసేవారన్న మీ ప్రశ్నకు వద్దాం. అప్పటికి ప్రత్యేకంగా ఒక శాఖంటూ లేదు. 1886 చట్టం ప్రకారం ఎవరు ఎంత కట్టాలో నిర్ణయించేది జిల్లా కలెక్టరే. ఆ మొత్తం అన్యాయమనిపిస్తే అర్జీ పెట్టుకోవలసినదీ ఆ కలెక్టరుకే. పన్ను వేసిన చెయ్యే ఫిర్యాదు కూడా వింటుందన్నమాట. ఆదాయపు పన్ను శాఖ చరిత్ర అంటే, నా దృష్టిలో, ఆ ఒక్క చేతిలో ఉన్న అధికారాలను ఒక్కొక్కటిగా విడదీస్తూ వచ్చిన చరిత్రే. 1922 చట్టం ఆదాయపు పన్ను అధికారులకు మొదటిసారిగా వేరే హోదాలు, పేర్లు ఇచ్చింది. పన్ను రేట్లను అసలు చట్టంలో కాక ఏటా చేసే ఫైనాన్స్ చట్టంలో నిర్ణయించే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. 1924లో కేంద్ర రెవెన్యూ బోర్డుకు చట్టబద్ధత వచ్చింది. 1939 సవరణతో అప్పీళ్లు వినే అధికారులు వసూలు చేసే అధికారుల నుంచి విడిపోయారు. 1941లో అప్పీళ్ల ట్రిబ్యునల్ ఏర్పడడంతో తీర్పు చెప్పే పని శాఖ గడప దాటి బయటికి వచ్చింది. 1961 చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల అంకెలు మారి, ఆదాయం వచ్చిన ఏడాదికి 'గత సంవత్సరం', దాని మీద పన్ను లెక్కగట్టే ఏడాదికి 'అసెస్‌మెంటు సంవత్సరం' అన్న రెండు పేర్ల స్థానంలో పన్ను సంవత్సరం ఒక్కటే వచ్చినా, పైన చెప్పిన విభజనలు మాత్రం అలాగే ఉన్నాయి.

మా హార్డ్‌వేర్ దుకాణానికి ఒకసారి స్టేట్ జీఎస్టీ అంటారు, ఒకసారి సెంట్రల్ అంటారు, మరోసారి ఇన్‌కమ్ ట్యాక్స్ అంటారు. వీళ్లంతా ఒకే ఆఫీసు వాళ్లా? వచ్చినవారు నిజమైన అధికారులో కాదో ఎలా తెలుసుకోవాలి?
– వ్యాపారి, గాజువాక

ఒకే ఆఫీసు కాదు. కేంద్ర ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగం కింద రెండు బోర్డులున్నాయి. పాత రెవెన్యూ బోర్డును 1963 నాటి చట్టంతో విడదీయగా, 1964 జనవరి 1 నుంచి ప్రత్యక్ష పన్నులకు ఒకటి, ఎక్సైజు, కస్టమ్స్‌లకు ఒకటి ఏర్పడ్డాయి. మొదటిది ఆదాయపు పన్ను శాఖను నడుపుతుంది. రెండోది జీఎస్టీ వచ్చాక పేరు మార్చుకుని పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డుగా కొనసాగుతోంది. మీరన్న సెంట్రల్ జీఎస్టీ, పోర్టు ఏరియాలోని కస్టమ్ హౌస్ దీని కిందివే. విదేశాల నుంచి ఓడలో దిగే కోకింగ్ బొగ్గు అయినా, యంత్ర భాగమైనా, కస్టమ్స్ సుంకంతో పాటు దిగుమతి మీద పడే జీఎస్టీని (ఐజీఎస్టీ) కూడా ఆ కస్టమ్స్ అధికారులే వసూలు చేస్తారు. స్టేట్ జీఎస్టీ అంటే రాష్ట్ర ప్రభుత్వపు వాణిజ్య పన్నుల శాఖ. వృత్తి పన్ను కూడా రాష్ట్రానిదే. రాజ్యాంగం ప్రకారం అది ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. ఇంటి పన్ను నగరపాలక సంస్థ జీవీఎంసీది.

2017 జూలై 1న జీఎస్టీ మొదలైనప్పుడు వ్యాపారులను కేంద్రం, రాష్ట్రం పంచుకున్నాయి. టర్నోవరు కోటిన్నర లోపు ఉన్నవారిలో 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి, ఆపై వారిని చెరి సగం కేటాయించారు. మీరు ఎవరి పరిధిలో ఉన్నారో మీ రిజిస్ట్రేషను వివరాలలోనే ఉంటుంది. తనిఖీకి వచ్చినవారిని గుర్తింపు కార్డుతో పాటు ఐఎన్‌ఎస్-01 అనే అధికార పత్రం చూపమని నిరభ్యంతరంగా అడగండి. జాయింట్ కమిషనరు స్థాయికి తగ్గని అధికారి దాన్ని జారీ చేయాలి. ఆదాయపు పన్ను వారు సర్వే పేరుతో వస్తే వ్యాపార వేళల్లోనే లోపలికి రావాలి. సోదా వేరు, దానికి వేరే వారెంటు ఉంటుంది. చాలామంది ఈ రెండింటినీ కలిపి 'రైడు' అనేస్తారు గాని, చట్టంలో వాటి అధికారాలకు చాలా తేడా ఉంది.

మన దగ్గర వసూలైన పన్నంతా ఢిల్లీకి పోతుందా? మన రాష్ట్రానికి తిరిగి ఎంత వస్తుంది?
– విద్యార్థిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం

పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి, పంచవలసిన కేంద్ర పన్నులలో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతమని సిఫారసు చేసింది. పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి రావు. రాష్ట్రాలు ఎప్పుడూ గొణిగేది అందుకే, అది న్యాయమైన గొణుగుడే. విశాఖలో ఎంత వసూలైందన్న దానికీ ఈ వాటాకూ నేరుగా సంబంధం లేదు.

మా అబ్బాయి న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఇక్కడి బ్యాంకులో వాడి పేరు మీద ఉన్న డిపాజిట్ల గురించి అమెరికా పన్ను శాఖ అడుగుతుందని వాడి స్నేహితులు భయపెడుతున్నారు. వాళ్లకు ఇక్కడి సంగతులు ఎలా తెలుస్తాయి?
– గృహిణి, సీతమ్మధార

అమ్మా, తెలుస్తాయి. రెండు దేశాల ప్రభుత్వాలు 2015 జూలైలో చేసుకున్న ఫాట్కా అనే ఖాతాల సమాచార ఒప్పందం ప్రకారం, అమెరికాలో పన్ను కట్టవలసిన వారి ఖాతాల వివరాలను మన బ్యాంకులు ఇక్కడి ప్రభుత్వానికి ఇస్తాయి, అది అమెరికాకు పంపుతుంది. ఖాతా తెరిచేటప్పుడు 'మీరు వేరే దేశంలో పన్ను చెల్లింపుదారులా' అని బ్యాంకు వారు సంతకం పెట్టించుకునే కాగితం ఇందుకే.

అమెరికా పన్ను శాఖ అయిన ఐఆర్‌ఎస్ కూడా మన ఆదాయపు పన్ను లాగే యుద్ధంలో పుట్టినదే. అంతర్యుద్ధం ఖర్చుల కోసం 1862లో లింకన్ ప్రభుత్వం పన్ను వేసి, వసూలుకు ఒక కమిషనరును నియమించింది. పదేళ్లకు ఆ పన్ను తీసేశారు. 1894లో మళ్లీ వేస్తే మరుసటి ఏడాది అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి 1913లో రాజ్యాంగాన్నే సవరించి నిలబెట్టుకున్నారు. ఇప్పుడున్న పేరు 1953లో వచ్చింది. మనకూ వారికీ ఒక పెద్ద తేడా ఉంది. అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, అక్కడి నియమాల ప్రకారం నివాసులుగా లెక్కకు వచ్చేవారు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ చూపాలి. కనుక ఎన్‌ఆర్‌ఈ ఖాతా (ప్రవాసులు విదేశీ సంపాదనను ఇక్కడ దాచుకునేది) వడ్డీకి ఇక్కడ పన్ను లేకపోయినా, మీ అబ్బాయి అక్కడ చూపవలసిందే. ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసుల ఇక్కడి ఆదాయం కోసం ఉండేది) వడ్డీ మీద ఇక్కడ 30 శాతం, దానిపై సెస్సు కోస్తారు. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది కనుక ఇక్కడ కట్టినదానికి అక్కడ నియమాల మేరకు తగ్గింపు అడగవచ్చు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజున 10,000 డాలర్లు దాటినా వేరుగా మరో నివేదిక ఇవ్వాలి. వెళ్లకముందు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉంటే, ముందు దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించండి. ఎక్కువమంది తల్లిదండ్రులు పట్టించుకోనిది ఇదే.

నేను ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేశాను. నా రిటర్నులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ తక్కువ చూపానని సందేశం వచ్చింది. బ్యాంకు టీడీఎస్ (వడ్డీలోంచి ముందే కోసే పన్ను) ఏమీ కోయలేదు. ఎంవీపీ కాలనీలోని ఆఫీసుకు వెళ్లి అధికారిని కలవాలా?
– కూర్మన్నపాలెం పాఠకుడు

వెళ్లనవసరం లేదు. ముందుగా ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో మీ ఏఐఎస్, అంటే వార్షిక సమాచార పత్రం, తెరిచి చూడండి. బ్యాంకులు పంపిన వడ్డీ వివరం ఖాతా వారీగా, మీ పాన్ కింద అందులో కనిపిస్తుంది. బ్యాంకు టీడీఎస్ కోయకపోవడానికి మీరు పన్ను కోయవద్దని కోరే 15హెచ్ ఫారం ఇచ్చి ఉండవచ్చు, లేదా వడ్డీ పరిమితి దాటకపోయి ఉండవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి సీనియర్ సిటిజన్లకు ఆ పరిమితి ఏడాదికి లక్ష రూపాయలు. కోత లేదంటే పన్ను లేదని అర్థం కాదు. విశ్రాంత ఉద్యోగులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఏఐఎస్‌లోని అంకె తప్పయితే అక్కడే అభిప్రాయం నమోదు చేయండి. మీదే తప్పయితే, గడువు ఉంటే సవరించిన రిటర్ను వేయండి. గడువు దాటితే అప్‌డేటెడ్ రిటర్ను వేయాలి. దానికి మొదటి 12 నెలల్లో 25 శాతం అదనపు పన్ను పడుతుంది, ఆలస్యమైన కొద్దీ ఇంకా పెరుగుతుంది.

ఆ సందేశం అసలైనదో కాదో కూడా చూసుకోండి. శాఖ పంపే ప్రతి నోటీసు మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2019లో ఆదేశించింది. లాగిన్ కాకుండానే పోర్టల్‌లో ఆ సంఖ్యను సరిచూసుకోవచ్చు. ఫోనులో ఓటీపీ అడిగేవాడు పన్ను అధికారి కాడు.

ఒకవేళ విషయం పరిశీలనకు వెళ్లినా, 2020 నుంచి వచ్చిన ఫేస్‌లెస్ పద్ధతిలో మీ కేసు చూసే అధికారి సాధారణంగా ఏ ఊళ్లో ఉన్నారో మీకు తెలియదు. జవాబులన్నీ పోర్టల్ ద్వారానే వెళ్తాయి. సిఫారసులకు తావు లేకుండా చేసిన ఈ మార్పు మంచిదే, కాని కంప్యూటరు అలవాటు లేని పెద్దవారికి ఇది కష్టంగా ఉందన్న మాటా నిజమే. ఆడిటరు గారి సాయం తీసుకోండి. వచ్చిన ఉత్తర్వు సమ్మతం కాకపోతే 30 రోజులలో కమిషనర్ (అప్పీల్స్) ముందు అప్పీలు వేయవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే ట్రిబ్యునల్ ఉంది, దాని బెంచి విశాఖలోనే ఉంది. ఒక న్యాయ సభ్యుడు, ఒక అకౌంటెంట్ సభ్యుడు కలిసి వినే ఆ ట్రిబ్యునల్ ఆర్థిక శాఖ కింద కాక న్యాయ శాఖ కింద పనిచేస్తుంది. వకీలునో ఆడిటరునో పెట్టుకోకుండా, మీ కాగితాలతో మీరే హాజరై వాదించుకోవచ్చు.