డబ్బా మూత తీయడం వచ్చా?

చెల్లెమ్మా, మీ ఉత్తరం అందింది. హనుమకొండలో ఎల్‌కేజీ చదువుతున్న పాపను మధ్యలో మాన్పించి అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్‌కు తీసుకొచ్చామనీ, వచ్చే ఆగస్టులో ఒకటో తరగతికి ముందుండే కిండర్‌గార్టెన్‌లో చేర్పించేలోగా ఏయే పుస్తకాలు చదివించాలో చెప్పమనీ అడిగారు. 2012లో నేనూ ఇదే ప్రశ్న వేసుకొని, నాకు నేనే జవాబు చెప్పుకొన్నాను. దాని ఫలితంగా మా అబ్బాయి బడిలో మొదటి నాలుగు రోజులు అన్నం తినలేదు.

ఆ ఏడాది జనవరిలో మేము ఇక్కడ దిగేనాటికి వాడికి నాలుగేళ్లు నిండడానికి రెండు నెలలు తక్కువ. కాజీపేటలో మా అమ్మ చేతిలో పెరిగినవాడు; ముద్ద కలిపి నోట్లో పెడితే తినేవాడు, చెప్పులు ఎవరో ఒకరు తొడిగేవారు, పొద్దు గూకేదాకా వాడకట్టు పిల్లలతో ఆడేవాడు. ఇక్కడ నేను ఉదయం వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవాణ్ని. మా ఆవిడకు అప్పటికి కారు నడపడం రాదు. రెండో అంతస్తులోని ఆ అపార్ట్‌మెంటులో తల్లీకొడుకులు ఏడాదిన్నర పాటు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గడిపారు. నేను మాత్రం ప్రతి రాత్రి వాణ్ని కూర్చోబెట్టి వంద వరకు అంకెలు, అక్షరాలు, రెండో ఎక్కం రాయించి, ఆ కాగితాలను స్కాన్ చేసి ఊరికి పంపేవాణ్ని; మా బాపు వాటిని వచ్చినవారికల్లా చూపించి మురిసేవారు.

2013 ఆగస్టులో బడి మొదలైంది. ఊరి నుంచి తెచ్చుకొన్న స్టీలు డబ్బాలో పెరుగన్నం పెట్టి పంపితే సాయంత్రం అది అలాగే తిరిగి వచ్చింది. అలిగాడేమోనని మరునాడు పులిహోర, మూడోనాడు సర్వపిండి ముక్కలు పెట్టాము. నాలుగోనాడు టీచరు ఫోన్ చేసి, వాడు డబ్బాను ఒళ్లో పెట్టుకొని కూర్చుంటున్నాడనీ, దగ్గరకు వెళితే తల వంచుకుంటున్నాడనీ చెప్పింది. ఆ రాత్రి డబ్బా వాడి ముందు పెట్టాను. మూత అంచు కింద వేళ్లు దూర్చి, గోళ్లు తెల్లబడేదాకా లాగాడు, అది కదలలేదు. తీయమని ఎవరినైనా అడగవచ్చు కదా అంటే, నా వైపు చూసి, “ఎవల్ని అడగాలె డాడీ?” అన్నాడు.

వంద అంకెలు వచ్చిన పిల్లవాడికి మూత తీయమని అడగడానికి ఒక్క మనిషి దొరకలేదు. ఆటల సమయంలో కూడా గోడ పక్కన ఒక్కడే నిలబడేవాడని తరువాత తెలిసింది. అందుకే పుస్తకాల జాబితా అడిగేవారిని చూస్తే, మీరేమీ అనుకోకండి, నాకు కొంచెం నవ్వు వస్తుంది. మన దగ్గర ఎల్‌కేజీలోనే రాయించే అక్షరాలను ఇక్కడి టీచరు కిండర్‌గార్టెన్‌లో తీరికగా నేర్పుతుంది. పిల్ల బూట్లు తానే వేసుకుంటుందా, జాకెట్ జిప్ లాక్కుంటుందా, తన వంతు వచ్చేదాకా ఆగుతుందా అన్నదే ముందుగా చూస్తుంది. బాత్రూమ్‌లో నీళ్లుండవు, కాగితమే ఉంటుంది. ఆ అలవాటు ఇంట్లోనే చేయించాలి. బాత్రూమ్‌కు వెళ్లాలి, నొప్పిగా ఉంది, సాయం చేయండి, నేనూ ఆడనా అన్న నాలుగు మాటలు ఇంగ్లిషులో జంకు లేకుండా అనగలిగితే చాలు. ఆ నాలుగింటిలో చివరిది మావాడికి నేర్పాలని నాకు తోచనే లేదు.

టెక్సస్‌లో ప్రభుత్వ బడులు కిండర్‌గార్టెన్‌కు ముందటి తరగతిగా నడిపే ప్రీ-కిండర్‌గార్టెన్ పేదలకేనని నేను అనుకొన్నాను. అడగడానికి నామోషీ అడ్డొచ్చింది. సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండి, ఇంగ్లిషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని పిల్లలు కూడా అందులో ఉచితంగా చేరవచ్చు. అప్పుడే చేర్పించి ఉంటే వాడికి ఏడాది ముందుగానే తోటిపిల్లలు దొరికేవారు. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో రాయమని ఒక కాగితం ఇస్తారు. గొప్పకు పోయి అక్కడ ఇంగ్లిషు అని రాశాను. వాడికి అందవలసిన భాషా సాయం అలా ఆలస్యమైంది. ఇంగ్లిషు రాని పిల్లలకు బడులు సాయం చేయక తప్పదని ఇక్కడి సుప్రీంకోర్టు 1974లోనే తేల్చింది కనుక, మీరు నిర్భయంగా తెలుగు అని రాయండి, ఇంట్లో తెలుగే మాట్లాడండి.

కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండాలి. టీకాల కార్డు, అద్దె ఒప్పందం దగ్గర పెట్టుకోండి. మన ప్రభుత్వ టీకాల పట్టికలో లేని ఆటలమ్మ, హెపటైటిస్-ఎ టీకాలను ఇక్కడ అడుగుతారు. మిగతావి మీ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి.

ముందు మీరు ఇంట్లోంచి బయటకు రండి. పబ్లిక్ లైబ్రరీలో చిన్నపిల్లలకు కథలు చెప్పే కార్యక్రమాలకు రుసుము ఉండదు. అక్కడ పాప పక్కన ఒక పిల్ల కూర్చుంటుంది, మీ పక్కన ఆ పిల్ల తల్లి కూర్చుంటుంది. మొదటి రెండు వారాలు ఎవరూ పలకరించకపోయినా మానకండి. మా ఆవిడకు ఇక్కడ తొలి స్నేహితురాలు అలాగే దొరికింది, ఆమె దగ్గరే కారు నడపడం నేర్చుకుంది. కారు కొనేదాకా ఆగుదామని మీవారు అంటారు, నేనూ అన్నాను. బస్సు ఉందో లేదో చూడండి, లేకపోతే పొరుగువారిని అడగండి. ఊరి నుంచి తెచ్చుకొన్న స్టీలు డబ్బా ఉంటే, ఈ రాత్రే పాప చేతికిచ్చి మూత తీయించి చూడండి.