బాణసంచా ప్రదర్శనలు నడిపే పనిలోకి ఎలా వెళ్లాలి?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. డిగ్రీ రెండో ఏడాది, కెమిస్ట్రీ చదువుతున్నాను. పెద్ద వేడుకల్లో ఆకాశం నిండా బాణసంచా కాల్చే ప్రొఫెషనల్ ఆపరేటర్ కావాలని ఉంది. దీనికి ఏ కోర్సు చదవాలి? ఇంట్లో కొద్దికొద్దిగా మందులు కలిపి చూస్తే అనుభవం వస్తుందా? ఈ పని మీదే బతకొచ్చా? ఈ మాటెత్తితే చాలు, చేతులు కాల్చుకుంటావని అమ్మ టెన్షన్ పడిపోతోంది. ఆమెను ఎలా ఒప్పించాలి?

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబు తప్పితే మిగతా మూడింటితో పని ఉండదు. ఇంట్లో ఏమీ కలపకండి. కొంచెం కూడా, ఒక్కసారి కూడా వద్దు. కెమిస్ట్రీ విద్యార్థి కాబట్టి కారణం మీకు త్వరగానే అర్థమవుతుంది. బాణసంచా మందంటే ఇంధనం, దానికి ఆక్సిజన్ అందించే లవణం, రెండూ పక్కపక్కనే ఉన్న పొడి. కొన్ని మిశ్రమాలకు నిప్పు కూడా అక్కర్లేదు, రాపిడి చాలు. ఒంటి మీది బట్టల్లో పుట్టే స్థిర విద్యుత్తుకే అంటుకునేవీ ఉన్నాయి. పైగా లైసెన్స్ లేకుండా ఇలాంటివి తయారు చేయడం చాలా దేశాల్లో నేరం. ఒకసారి పోలీసు కేసు అయిందంటే, రేపు ఈ రంగంలో లైసెన్స్ కోసం మీ పూర్వాపరాలు చూసేటప్పుడు ఆ కేసే అడ్డం పడుతుంది. ఏ పని కోసం ప్రయోగం చేశారో ఆ పనికే దూరమైపోతారు.

అసలు సంగతేమిటంటే, ప్రదర్శన నడిపేవాళ్లు మందు తయారు చేయరు. ఫ్యాక్టరీలో తయారై, పరీక్షలు దాటి, పెట్టెల్లో వచ్చిన షెల్స్‌ని, అంటే పైకి ఎగిరి విచ్చుకునే బాణసంచా గుండ్లని, సరైన చోట నిలబెట్టి, సరైన క్షణంలో కాల్చడం వీళ్ల పని. వంట చేసేవాళ్లు వేరు, వడ్డించేవాళ్లు వేరు. మీరు అడిగింది వడ్డించేవాళ్ల గురించి.

ఆ వడ్డన ఎలా ఉంటుందో చెబుతాను. జనం చూసేది 15, 20 నిమిషాలు. జట్టు పని మాత్రం పొద్దున్నే మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. లారీ నుంచి గొట్టాలు దించాలి. వీటిని మోర్టార్లు అంటారు. ఫైబర్‌గ్లాస్‌తోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేస్తారు. వాటిని చెక్క చట్రాల్లో వరసగా బిగించి, ఆ చట్రాలు ఒరిగిపోకుండా మేకులతో, అడ్డకర్రలతో కదలకుండా కట్టాలి. పెద్ద గొట్టాలైతే ఇసుకలో పాతాలి. ఒక్క చట్రం పక్కకు వాలినా షెల్ ఆకాశంలోకి పోదు, మనుషుల మీదికి పోతుంది. అందుకని మేకు సరిగ్గా దిగిందా లేదా అన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. ఆ తర్వాత ఒక్కో గొట్టంలోకి ఒక్కో షెల్ దించడం, దాని వత్తికి ఎలక్ట్రిక్ మ్యాచ్ అనే, కరెంటు పారితే కొస అంటుకునే తీగ తగిలించడం, ఆ తీగను ఫైరింగ్ మాడ్యూల్‌లో, అంటే కరెంటు పంపే పెట్టెలో, దాని నంబరు దగ్గర కలపడం. ఇలా వందల సార్లు. ఎండలో, నడుం వంచి, ఒక్క నంబరూ తప్పకుండా చేయాలి. జట్టులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఏడాది దక్కేది మోత పని, ఇసుక పని, చివర్లో కాలిన కాగితాలు ఏరే పని. మీట నొక్కే భాగ్యం చాలా కాలం రాదు. మీ ఇష్టం ఆ 15 నిమిషాల మీదే అయితే టికెట్ కొనుక్కుని కూర్చోవడం మంచిది. మిగతా పది గంటలు కూడా నచ్చితేనే ఇది మీ పని.

సైజుల సంగతీ కొంచెం తెలియాలి, జట్టులో రోజంతా ఆ మాటలే వినిపిస్తాయి. షెల్‌ను అంగుళాల్లో పిలుస్తారు. మూడంగుళాల షెల్ సుమారు 300 అడుగుల ఎత్తుకు, ఆరంగుళాలది సుమారు 600 అడుగులకు వెళ్లి విచ్చుకుంటుంది. అంగుళానికి వంద అడుగులని ఓ మోటు లెక్క. జనాన్ని ఎంత దూరంలో ఉంచాలో కూడా ఇలాగే లెక్క కడతారు. అమెరికాలో వాడే ఎన్‌ఎఫ్‌పీఏ (అక్కడి అగ్ని ప్రమాదాల నివారణ సంఘం) 1123 ప్రమాణం ప్రకారం షెల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి 70 అడుగులు వదలాలి. అంటే ఆరంగుళాల షెల్ కాల్చాలంటే జనం కనీసం 420 అడుగుల దూరంలో ఉండాలి. మైదానం అంత లేకపోతే షెల్ తగ్గించాలి, దూరం తగ్గించకూడదు. ఈ మాట మీద నిలబడటమే ఆపరేటర్‌కు అన్నిటికన్నా కష్టం. కార్యక్రమం పెట్టినవాళ్లు ‘ఇంకొంచెం పెద్దవి పెట్టండి’ అంటూనే ఉంటారు. సాయంత్రానికి గాలి జనం వైపు తిరిగితే, వేలమంది ఎదురుచూస్తుండగా ‘ఇప్పుడు కాల్చం, ఆగండి’ అనగలగాలి. మొహమాటస్తులకు ఈ ఉద్యోగం సరిపడదు.

ఇప్పుడు కోర్సు మాట. డిగ్రీలాంటి చదువుతో తలుపు తెరుచుకునే రంగం కాదిది. కంపెనీ జట్టులో చేరి, పని చేస్తూ నేర్చుకుని, మధ్యలో చిన్న చిన్న శిక్షణలు పూర్తి చేసుకుంటూ పైకి వెళ్లాలి. బ్రిటన్‌లో ఆ దేశపు పైరోటెక్నిస్టుల (బాణసంచా నిపుణుల) సంఘం కాల్చేవాళ్లకు దశలవారీగా శిక్షణ, పరీక్షలు పెడుతుంది. అమెరికాలో పైరోటెక్నిక్స్ గిల్డ్ ఇంటర్నేషనల్ అనే సంఘం డిస్‌ప్లే ఆపరేటర్లకు సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. యూరప్‌లో బాణసంచాను ఎఫ్1 నుంచి ఎఫ్4 వరకు విడదీశారు. ఎఫ్4 అంటే ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవాళ్లు మాత్రమే ముట్టుకోవాల్సిన సరుకు. అక్కడ ప్రొఫెషనల్ అనే మాటకు గీత అదే. మీరు ఎక్కడ పనిచేయాలనుకుంటే అక్కడి పేలుడు పదార్థాల లైసెన్సింగ్ శాఖ నియమాలు ముందు చదవండి. కనీస వయసు కొన్ని చోట్ల 18, కొన్ని చోట్ల 21. కొనడం, నిల్వ చేయడం, రవాణా, కాల్చడం, దేనికి దానికే విడిగా అనుమతి ఉండొచ్చు. జట్టులో సహాయకులుగా చేరేవాళ్లకు సొంత లైసెన్స్ అక్కర్లేని చోట్లు చాలా ఉన్నాయి. లైసెన్స్ ఉన్న లీడ్ ఆపరేటర్ కింద పనిచేయొచ్చు. మీ దారి అక్కడి నుంచే మొదలవుతుంది.

నిల్వ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2000 మే 13న నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే ఊళ్లో, ఇళ్ల మధ్య ఉన్న ఒక బాణసంచా గోదాం పేలి 23 మంది చనిపోయారు. ఓ పేట మొత్తం నేలమట్టమైంది. అక్కడ ప్రదర్శన ఏమీ జరగడం లేదు, సరుకు గోదాంలో ఉందంతే. ‘ఏ పెట్టెలో ఏముంది, ఎన్ని కిలోలు, పక్కన ఏముంది’ అన్న రిజిస్టరు పని విసుగనిపించినప్పుడు ఈ ఊరు గుర్తు చేసుకోండి. చేరబోయే కంపెనీని అంచనా వేయడానికీ ఇదే కొలబద్ద. వాళ్ల వీడియోలు ఎంత బాగున్నాయో తర్వాత చూడొచ్చు. గోదాం చూపిస్తారా, ఇన్సూరెన్స్ ఉందా, ప్రమాదం జరిగితే ఎవరు ఏం చేయాలో కాగితం మీద ఉందా అని అడగండి. అడిగినందుకు చిరాకు పడితే ఆ కంపెనీని వదిలేయండి.

మీ కెమిస్ట్రీ వృథా అవుతుందని బాధ పడొద్దు. ఎరుపు స్ట్రాన్షియంది, ఆకుపచ్చ బేరియంది, పసుపు సోడియంది, నీలం రాగిది. మంచి నీలం రంగు ఎందుకంత అరుదో మీకు ఇట్టే అర్థమవుతుంది. నీలం ఇచ్చే కాపర్ క్లోరైడ్ అణువు వేడి ఎక్కువైతే విడిపోతుంది, వేడి తగ్గిస్తే వెలుగు తగ్గుతుంది. ఆ సన్నటి సందులో నీలాన్ని పట్టుకోవాలి. ప్రదర్శన చూసేటప్పుడు నీలం ఎంత శుభ్రంగా ఉందో గమనించడం ఈ రంగంలోవాళ్ల అలవాటు. అయినా మైదానంలో కెమిస్ట్రీ కన్నా ఎక్కువ అక్కరకొచ్చేది ఎలక్ట్రికల్ పని. సిరీస్ కనెక్షన్‌కు, ప్యారలల్ కనెక్షన్‌కు తేడా ఏమిటి, తీగ ఎక్కడో తెగిందని మీటరు ఎలా చెబుతుంది, మందున్న తీగను పరీక్షించడానికి మామూలు మీటరు ఎందుకు వాడకూడదు? ఇవి తెలిసిన కుర్రాళ్లను జట్లు ముందు తీసుకుంటాయి. చివరిదానికి జవాబు: మీటరు పంపే కరెంటుకే ఎలక్ట్రిక్ మ్యాచ్ అంటుకోవచ్చు. అందుకే చాలా తక్కువ కరెంటు పంపే ప్రత్యేక టెస్టర్‌నో, ఫైరింగ్ సిస్టమ్‌లోని టెస్ట్ మోడ్‌నో వాడతారు, అదీ మనుషులు దూరంగా జరిగాకే.

సంగీతంతో కలిపి కాల్చే ప్రదర్శనలు మీకు నచ్చేట్లయితే డిజైన్ వైపు కూడా చూడండి. ఇది ఇంట్లో కూర్చుని నిప్పు లేకుండా నేర్చుకోగల భాగం. మూడంగుళాల షెల్ గొట్టం వదిలాక విచ్చుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది, ఆరంగుళాలదానికి నాలుగైదు. దరువు మీద పువ్వు విచ్చుకోవాలంటే అంత ముందుగా మీట పడాలి. వందల షెల్స్‌కు ఈ లెక్క చేతితో వేయలేరు కాబట్టి ఫినాలే త్రీడీ లాంటి సాఫ్ట్‌వేర్ వాడతారు. అది రాసిచ్చిన స్క్రిప్టును ఫైరింగ్ సిస్టమ్ చదువుకుని కాలుస్తుంది. అలాగని కంప్యూటర్‌ను గుడ్డిగా నమ్మడానికి లేదు. 2012 జూలై 4న అమెరికాలోని శాన్ డియేగోలో 18 నిమిషాల పాటు సాగాల్సిన ప్రదర్శన మొత్తం అర నిమిషంలోపే ఒక్కసారిగా పేలిపోయింది. తప్పు కంప్యూటర్ ఫైలుది. అన్ని వేల షెల్స్ ఒకేసారి లేచినా ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాల్చేది నీళ్ల మీది పడవల నుంచి, జనం దూరంగా ఉన్నారు. ఇందాకటి దూరం లెక్క ఎందుకో ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

ఇక బతుకుతెరువు. నిజం చెప్పాలంటే ఈ పనిలో ఉన్నవాళ్లలో చాలామందికి ఇది రెండో సంపాదన. పండగల సీజన్‌లో ఊపిరాడదు, ఆ తర్వాత నెలల తరబడి పిలుపు ఉండదు. సహాయకులకు ప్రదర్శనకు ఇంత అని ఇస్తారు. నెల జీతం ఉండేది కంపెనీలో కొద్దిమందికే: డిజైనర్లు, గోదాం చూసేవాళ్లు, అనుమతుల పని చూసేవాళ్లు, కొందరు లీడ్ ఆపరేటర్లు. అందుకే డిగ్రీ ఆపొద్దు. పూర్తి చేయండి. దాని పక్కనే సీజన్‌లో జట్టుతో తిరగండి. రెండు మూడు సీజన్లు గడిచేసరికి మీ మొగ్గు ఎటో తెలుస్తుంది. నాటకాలు, సంగీత కచేరీల వేదికల మీద వాడే చిన్న పైరో ఎఫెక్ట్స్, సినిమాల స్పెషల్ ఎఫెక్ట్స్, ప్రమాదకర సరుకుల రవాణా, డ్రోన్ షోలు, ఇవన్నీ ఈ అనుభవానికి విలువిచ్చే పక్క దారులు. డ్రోన్లు వచ్చి బాణసంచాను మింగేస్తాయని కొందరంటారు. నాకైతే అలా అనిపించదు. డ్రోన్లు చప్పుడు చేయవు, గుండెల మీద తగలవు. రెండూ కలిపి అడిగే నిర్వాహకులే పెరుగుతారని నా అంచనా. కాబట్టి రెండూ తెలిసి ఉండటం మంచిది.

జట్టుకు రాసే మొదటి ఉత్తరంలో ‘నాకు బాణసంచా అంటే ప్రాణం’ అని రాయకండి, అది అందరూ రాసేదే. బరువులు మోయగలను, రాత్రి ఆలస్యమైనా ఉంటాను, సోల్డరింగ్ వచ్చు, ప్రథమ చికిత్స శిక్షణ ఉంది, డ్రైవింగ్ వచ్చు అని రాయండి. ఇవి లేకపోతే ఈ ఆరు నెలల్లో నేర్చుకుని అప్పుడు రాయండి. సీజన్ నడుస్తుండగా ఎవరికీ జవాబిచ్చే తీరిక ఉండదు, ఖాళీగా ఉన్న నెలల్లో పంపండి. మొదటి రోజు పనికి నూలు బట్టలే వేసుకోండి. నైలాన్, పాలిస్టర్ నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుపోతాయి. లైటర్, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు. ఏ పరిస్థితిలోనూ గొట్టం మీదికి వంగి చూడకూడదు, పేలని షెల్ ఉన్న గొట్టమైతే మరీనూ. పేలనిదాన్ని ఎంతసేపు వదిలేయాలి, ఎవరు దగ్గరికి వెళ్లాలి అన్నది లీడ్ ఆపరేటర్ చెప్పాలి. మీకు ధైర్యం ఉందని ముందుకు వెళ్తే ఆ రోజే ఇంటికి పంపేస్తారు, పంపాలి కూడా.

అమ్మగారి సంగతి. భయపడొద్దని చెప్పి లాభం లేదు, ఆవిడ భయంలో తప్పు లేదు. చేతులు కాలేది నిజమే, అయితే ఎక్కువగా వత్తికి దగ్గర నుంచి చేత్తో నిప్పు పెట్టేవాళ్లవి. ఎలక్ట్రిక్ ఫైరింగ్‌లో మీటకూ గొట్టానికీ మధ్య బోలెడు దూరం ఉంటుంది. ఇది మాటల్లో చెబితే నమ్మరు. ఒక కంపెనీతో మాట్లాడి, షెల్స్ ఇంకా రాకముందు, ఖాళీ గొట్టాలు బిగించే వేళకు ఆవిడను మైదానానికి తీసుకెళ్లండి. తాళ్లు కట్టి జనాన్ని ఎక్కడ ఆపుతారో, మీరు ఎక్కడ నిలబడతారో, హెల్మెట్ ఎవరు పెట్టుకుంటారో, నిప్పు ఆర్పేవి ఎక్కడున్నాయో లీడ్ ఆపరేటర్ చేతే చూపించమనండి. ఆవిడ అడిగే ప్రశ్నలకు ఆయన ఓపిగ్గా జవాబు చెబితే చేరండి. విసుక్కుంటే ఆయన దగ్గర చేరొద్దు, ఇంకో జట్టును వెతుక్కోండి.