మాటల్లేని బొమ్మల కథను వచనంగా రాయడం: నా అనుభవం

మోబియస్ గీసిన ‘ఆర్జాక్’ లాంటి, ఒక్క మాట కూడా లేని బొమ్మల కథను తెలుగులో వచన ఫ్యాంటసీగా రాయవచ్చా, రాస్తే బొమ్మలు చూసినవారికి అది వెలితిగా అనిపించదా అని మీరు అడిగారు. చెన్నైలో ఉంటూ దాదాపు రెండేళ్లు ఆ పని మీదే కూర్చున్నదాన్ని కాబట్టి జవాబు రాస్తున్నాను. రాయవచ్చు. కాని బొమ్మలో ఉన్నదాన్ని వాక్యంలో మళ్లీ చెప్పడమే మన పని అనుకుంటే మీరు భయపడుతున్న వెలితి తప్పకుండా వస్తుంది. నాకు వచ్చింది.

ఆ కథలు చూడనివారి కోసం రెండు మాటలు. మోబియస్ అసలు పేరు జాఁ జిరో (1938–2012). ‘బ్లూబెరీ’ కౌబాయ్ కథలతో పేరు తెచ్చుకున్న ఆ ఫ్రెంచి చిత్రకారుడే 1975లో ‘మెతాల్ హ్యూర్లాఁ’ పత్రికలో ఆర్జాక్‌ను మొదలుపెట్టాడు. పొడవాటి టోపీ పెట్టుకున్న ఒక యోధుడు తోలు రెక్కల పెద్ద పక్షి మీద వింత దేశాలు దాటుతుంటాడు. అతడెవరో, ఎక్కడికి పోతున్నాడో ఎవరూ చెప్పరు. చివరికి కథ పేరులోని అక్షరాలు కూడా ఒక్కో కథకు మారిపోతాయి. కథ అంటే తలుపూ కిటికీలూ పొగగొట్టమూ ఉన్న ఇల్లులాగే ఎందుకుండాలి, ఏనుగులాగో గోధుమ చేనులాగో అగ్గిపుల్ల మంటలాగో ఉండకూడదా అని ఆయన ఆ రోజుల్లోనే అడిగాడు.

నుంగంబాక్కంలోని అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచి నేర్చుకునేటప్పుడు తోటి విద్యార్థిని ఒకామె ఆ కథల ఆల్బమ్, అంటే బొమ్మల పుస్తకం, ఇచ్చింది. ఫ్రెంచి అంతంతమాత్రమే వచ్చిన నాకు, చదవడానికి ఒక్క మాటా లేని ఫ్రెంచి పుస్తకం చేతికి రావడం ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను. ఆ వారమే రాయడం మొదలుపెట్టాను. ప్రతి ప్యానెల్‌కూ, అంటే పేజీలో గడి కట్టిన ఒక్కో బొమ్మకూ, ఒక పేరా చొప్పున, రాళ్ల రంగూ టోపీ ఎత్తూ రెక్కల మడతలూ ఏదీ వదలకుండా, నలభై పేజీలు నింపి, పశ్చిమ మాంబళంలో ఉండే మా అక్కకు చదివి వినిపించాను. ఆమె ఓపికగా అంతా విని, “ఇది కథలా లేదే, బొమ్మ కనబడని మనిషికి ఫోనులో బొమ్మ గురించి చెబుతున్నట్టుంది” అంది. ఆమె అన్నది అక్షరాలా నిజం.

దారి చూపించినవి మా నాన్నగారు బైండు చేయించి దాచిన పాత చందమామలు. వడపళనిలో తయారై తెలుగు దేశమంతా తిరిగిన ఆ సంచికల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలకు చిత్ర గారు బొమ్మలు వేసేవారు. నేను ఒక అట్టముక్క కత్తిరించి, బొమ్మల మీద కప్పి, వచనం ఒక్కటే చదివాను. వికృతాకారం ఎదురైనప్పుడు ఆ వచనం దాని రూపం దగ్గర ఎక్కువసేపు ఆగదు; దాన్ని చూసినవాడు కత్తి దూశాడా, చెట్టెక్కాడా, పక్కవాడితో ఏమన్నాడు అన్నదాని మీదికి వెళ్లిపోతుంది. రూపం సంగతి బొమ్మ చూసుకుంటుందన్న నమ్మకం అందులో ఉంది. మన పనిలో బొమ్మ ఉండదు కాబట్టి అదే పద్ధతి నేరుగా పనికిరాదు, అయినా వచనానికి చేతనైన పని ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

బొమ్మలో బరువు, గాలి, సమయం గీతల వెనక దాగి ఉంటాయి. వాటిని బయటికి తీయాలి. పక్షి మీద కూర్చోవడం ఎలా ఉంటుందో తెలియక, సైదాపేటలో మేముండే ఇంటి మేడ మీది నుంచి అడయారు నది మీద తిరిగే గద్దలను చాలా సాయంత్రాలు చూశాను. గద్ద మలుపు తిరిగేటప్పుడు రెక్కలను దాదాపుగా కదపదు. చీలిన తోకను చుక్కానిలా ఒక పక్కకు వంచుతుంది, ఒక్క క్షణం తరువాత ఒళ్లంతా ఆ పక్కకు ఒరుగుతుంది. ఆ ఒక్క క్షణం ఆలస్యమే నా మొదటి పుటకు ప్రాణమైంది: తోక వంగింది, రౌతుకు తెలిసింది, అతడి మోకాళ్లు బిగిశాయి, అప్పుడు నేల పక్కకు జరిగింది. ఈ సారి రెక్క రంగు రాయలేదు.

అన్నిటికన్నా కష్టపెట్టింది కిటికీ ఘట్టం. మొదటి కథలో యోధుడు కిటికీలోంచి ఒక స్త్రీని చూస్తాడు, ఆమె కోసం ఒక మనిషిని ఉరి బిగించి చంపుతాడు, లోపలికి వెళ్లాక ఆమె ముఖం వికృతంగా ఉండడం చూస్తాడు. బొమ్మలో ముఖం కనబడకుండా గీస్తే, కనబడడం లేదన్న సంగతి మన కన్ను ఎక్కడో గమనిస్తూనే ఉంటుంది. వచనంలో ముఖం గురించి రాయకపోతే పాఠకుడు దాన్ని గమనించనే గమనించడు, తనంతట తానే ఒక అందమైన ముఖాన్ని ఊహించి పెట్టుకుంటాడు. అంటే యోధుడు చేసిన తప్పే పాఠకుడి చేత కూడా చేయించవచ్చు. ఇది బొమ్మకు లేని అవకాశం. ఆమె భుజం మీద పడిన వెలుగు గురించి రెండు వాక్యాలు రాసి ఆగిపోయాను. అక్క ఈ భాగం విని, ముఖం దగ్గరకు రాగానే “అయ్యో” అని, చనిపోయినవాడి గురించి అడిగింది.

మౌనాన్ని మాటలతో భంగం చేస్తున్నామేమో అన్న సంకోచం మీకు అక్కర్లేదు. మోబియస్ కథలను తన భార్యతో కలిసి ఆంగ్లంలోకి తెచ్చిన జాఁ-మార్క్ లోఫిసియే ఆర్జాక్ లోకం మీద వచన నవల రాశారు. మోబియస్ తానే 2010లో ఆర్జాక్‌కు మళ్లీ వచ్చి, అతడిని సర్వేయరును చేసి, నోట మాటలు పెట్టాడు. నాకు 1975 నాటి మూగ యోధుడే ఇష్టం. అందుకే నా వచనంలో అతడికి పేరు పెట్టలేదు, గతం కల్పించలేదు, ‘అతడు’ అనే రాశాను. అతడెందుకు తిరుగుతున్నాడో వివరించిన మూడు పేజీలను, బాగా వచ్చాయని అనిపించినా, తీసేశాను.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఒకరి రచనను మరో రూపంలోకి మార్చే హక్కు మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కూడా హక్కుదారుదే. మన దేశంలో కాపీరైట్ రచయిత మరణం తరువాత 60 ఏళ్లు, ఫ్రాన్స్‌లో 70 ఏళ్లు ఉంటుంది. సాధన కోసం ఇంట్లో రాసుకోవడం వేరు, అచ్చు వేయించాలన్నా ఇంటర్నెట్‌లో పెట్టాలన్నా వారసుల అనుమతి కావాలి. నా ప్రతి ఇప్పటికీ బీరువాలోనే ఉంది. మీరు మొదలుపెట్టేటట్టయితే ఆల్బమ్ మొత్తం పెట్టుకోకండి. నాలుగు పేజీలు ఎంచుకుని, పదిసార్లు చూసి, ఆల్బమ్ మూసి వేరే గదిలో పెట్టి, మరునాడు రాయడానికి కూర్చోండి.