ఇల్లు ఎందుకు ఆలస్యమవుతోందంటే: మేనకోడలికి ఒక ఉత్తరం

చిన్నీకి,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. "ఆఫర్ ఒప్పుకుని పదకొండు వారాలైంది అత్తా, సొలిసిటర్ ఏమీ చెయ్యట్లేదు, ఇల్లు చెయ్యి జారిపోతుందేమో" అన్నావు. ఆ టెన్షన్ నేనూ పడ్డాను. 2011లో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మేం ఇల్లు కొన్నప్పుడు ఐదు నెలలు పట్టింది. ఆ తర్వాత ఇక్కడ ఇల్లు కొనే మనవాళ్లు చాలామంది కాగితాలు పట్టుకుని మా డైనింగ్ టేబుల్ దగ్గరికే వచ్చారు. ఫోన్‌లో సగం సగం చెప్పేకన్నా తీరిగ్గా రాస్తే మేలనిపించింది. మీ ఆయనకి కూడా చదివి వినిపించు. ఇందులో అతనికి సంబంధించిన ముఖ్యమైన సంగతి ఒకటుంది.

మన ఊళ్లో బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే అమ్మేవాడు మాట తప్పడానికి కాస్త జంకుతాడు. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో అలా కాదు. ఆఫర్ ఒప్పుకోవడం ఇక్కడ నోటి మాట కిందే లెక్క. ఇద్దరూ సంతకం చేసిన కాంట్రాక్టులు మార్చుకునేదాకా, అంటే ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా, అమ్మేవాళ్లు ఇంకొకరికి ఎక్కువ ధరకి అమ్ముకోవచ్చు, నువ్వూ వద్దనుకుని పోవచ్చు. అందుకే ప్రతి వారం గడిచేకొద్దీ గుండెలో గుబులు. కానీ నీ కోసం చూడాల్సినవన్నీ సొలిసిటర్ చూసేది కూడా ఈ వారాల్లోనే. మన దగ్గర లాయరు ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసి లీగల్ ఒపీనియన్ ఇస్తాడు చూడు, అలాంటి పనే. ఎక్స్‌ఛేంజ్ రోజున పదో వంతు డిపాజిట్ కట్టాక ఇక వెనక్కి రాలేవు. కాబట్టి ఆయన్ని తొందరపెట్టు గానీ, ఏదీ చూడకుండా వదిలెయ్యమని మాత్రం అడక్కు.

తొందరపెట్టడం ఎలాగో చెప్తాను. మేము కూడా నీలాగే రోజు విడిచి రోజు "ఏమైనా తెలిసిందా?" అని ఈమెయిల్ పెట్టేవాళ్లం. "ఎంక్వైరీలకు జవాబులు రావాలి" అని, అంటే అమ్మేవాళ్ల సొలిసిటర్‌ని అడిగిన ప్రశ్నలకి జవాబులు రావాలని, ఒకే వాక్యం తిరిగొచ్చేది. ఎనిమిదో వారంలో మా ఆఫీసులో ఒక పెద్దావిడ చెప్పింది: "ఏమైందని అడగకు. ఏ కాగితం రావాలి, ఎవరి దగ్గర ఉంది, ఏ తారీఖున అడిగారు అని అడుగు." అలాగే అడిగాను. ఆ సాయంత్రమే జవాబొచ్చింది. మిగిలినవి రెండే ప్రశ్నలు. అందులో ఒకటి వెనక బెడ్‌రూమ్ కిటికీ గురించి. 2006లో మార్చారట. 2002 ఏప్రిల్ తర్వాత కిటికీలు మారిస్తే వాటిని నిబంధనల ప్రకారం బిగించారని ఫెన్సా లాంటి సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ అయినా ఉండాలి, కౌన్సిల్ ఇచ్చిన కాగితమైనా ఉండాలి. అమ్మేవాళ్ల సొలిసిటర్ ఆ విషయం ఇల్లు అమ్మే ఇంటాయనకి పోస్టులో రాశారు. ఆయన ఆ కవరు విప్పనే లేదు. నేను ఇల్లు అమ్మిపెట్టే ఎస్టేట్ ఏజెంట్‌కి ఫోన్ చేసి ఫలానా కాగితం కోసం మూడు వారాలుగా ఆగిందని చెప్పాను. అతను ఇంటాయనకి ఫోన్ చేశాడు. కాగితం వంటింటి సొరుగులో, బాయిలర్ పుస్తకం కింద దొరికింది. స్కాన్ చేసి పంపిన కాపీ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. ఒక మూల టీ కప్పు పెట్టిన గుండ్రటి మరక కూడా కనిపిస్తుంది.

చూశావా, ఆ మూడు వారాలూ మా సొలిసిటర్ని తిట్టుకున్నాం. ఆయన తప్పేమీ లేదు. తప్పు ఎవరిదో తెలిసే ప్రశ్న మేం అడగలేదు, అంతే.

ఒకవేళ ఇలాంటి కాగితం నిజంగా లేకపోతే దానివల్ల తర్వాత నష్టం వస్తే భరించే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ తీసుకుని ముందుకెళ్తారు, దానికి మామూలుగా అమ్మేవాళ్లే డబ్బు కడతారు. ఒక్క జాగ్రత్త. ఆ విషయం కనుక్కుందామని నువ్వు స్వయంగా కౌన్సిల్‌కి ఫోన్ చెయ్యకు. కౌన్సిల్‌కి తెలిసిందంటే ఆ ఇన్సూరెన్స్ ఇవ్వరు. మంచికని చేసిన ఫోన్ వల్ల దారి మూసుకుపోతుంది.

ఇంటి గురించి కౌన్సిల్ లాంటి చోట్ల రికార్డులు వెతికించే సెర్చ్‌ల సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. లోకల్ అథారిటీ సెర్చ్ కొన్ని కౌన్సిళ్లలో రోజుల్లో వస్తుంది, కొన్నిచోట్ల వారాలు పడుతుంది. అవి ఏ తారీఖున ఆర్డర్ చేశారో మాత్రం అడుగు. డబ్బు కట్టలేదని అవి మొదలే కాకుండా ఉండిపోయిన ఫైళ్లు నేను చూశాను. మీది స్థలంతో సహా సొంతమయ్యే ఫ్రీహోల్డ్ కాబట్టి, కొన్నేళ్ల లీజు మీద ఉండే లీజ్‌హోల్డ్ ఫ్లాట్ల గొడవ నీకు లేదు. ఫ్లాట్ కొంటోందన్నావే నీ ఫ్రెండ్, ఆ అమ్మాయికి మాత్రం చెప్పు, బిల్డింగ్ చూసుకునే మేనేజింగ్ ఏజెంట్ దగ్గర్నుంచి రావాల్సిన వివరాల ప్యాక్ అమ్మేవాళ్లు ఆర్డర్ చేశారో లేదో మొదటి వారంలోనే అడగమని. ఫ్లాట్లన్నీ అక్కడే ఆగుతాయి.

ఇక డబ్బు. మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే, నీ ఫైలు కూడా ఇక్కడే ఆగిందని నా అనుమానం. ఇక్కడ 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం సొలిసిటర్ నీ డిపాజిట్‌లో ప్రతి పౌండూ ఎక్కడిదో తెలుసుకోవాలి. తెలుసుకోకుండా ముందుకెళ్తే ఆయన లైసెన్సుకే ముప్పు. నీ బ్యాంకు స్టేట్‌మెంట్ నువ్వే ఒకసారి పరాయివాళ్ల కళ్లతో చూడు. ఫిబ్రవరిలో ఎవరో 3,000 పౌండ్లు వేశారు. మార్చిలో ఇంకెవరో 2,500 వేశారు. అవి చీటీ డబ్బులని, చేబదులు తిరిగిచ్చినవని నీకు తెలుసు. ఆయనకి ఎలా తెలుస్తుంది? ఆయన అడుగుతాడు, నువ్వు ఒకటి చెప్తావు, ఇంకోటి అడుగుతాడు. ఇలా నాలుగు వారాలు పోతాయి. అందుకే ఆయన అడక్కముందే ఒక పేజీ రాసి ఇచ్చెయ్: పెద్ద మొత్తాలన్నీ వరసగా, ఏ తారీఖున, ఎవరి దగ్గర్నుంచి, ఎందుకు. చీటీ అంటే ఏమిటో కూడా రెండు వాక్యాల్లో రాయి. వాళ్లకి ఆ సంగతి తెలియదు. తెలియని దాన్ని చూస్తే వాళ్లు ఆగిపోతారు.

మా అన్నయ్య తెనాలి దగ్గర స్థలం అమ్మి పంపిన డబ్బుకి ఇంకాస్త పనుంది. గిఫ్ట్ లెటర్ కావాలి. ఆ డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదని, ఇంట్లో తనకి వాటా ఏమీ ఉండదని అందులో స్పష్టంగా ఉండాలి. బ్యాంకూ అదే అడుగుతుంది. అన్నయ్య పాస్‌పోర్టు కాపీ, ఆ డబ్బు వచ్చి పోయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, స్థలం అమ్మిన దస్తావేజు కాపీ సిద్ధం చెయ్యి. దస్తావేజు తెలుగులో ఉంటుంది కాబట్టి సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ చేయించి రెండూ కలిపి పంపు. మన దగ్గర స్థలాల అమ్మకంలో కాగితం మీద ఉండేది ఒకటి, చేతికొచ్చేది ఒకటి అని నీకు తెలియంది కాదు. ఈ ఇంటికి వాడేది దస్తావేజులోనూ బ్యాంకులోనూ కనిపించే డబ్బే అయి ఉండాలి. ఈ మాట అన్నయ్యకి నేనే చెప్తాను, నువ్వు ఇబ్బంది పడకు.

పేర్లు కూడా చూసుకో. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఊళ్లో బ్యాంకు పాస్‌బుక్కులో ఒక్క అక్షరమే ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని ముందే ఒక లైను రాసి పెట్టు.

ఇప్పుడు అల్లుడి సంగతి. మియాపూర్‌లో అతని పేరు మీద ఫ్లాట్ ఉంది కదా. ఆ మాట సొలిసిటర్‌కి చెప్పారా? నిన్న అడగడం మర్చిపోయాను, అప్పట్నుంచీ మనసు పీకుతోంది. ఇక్కడ స్టాంప్ డ్యూటీకి మొదటి ఇల్లు అంటే యూకేలో మొదటిది కాదు, ప్రపంచం మొత్తం మీద మొదటిది. కలిసి కొనే భార్యాభర్తల్లో ఒకరికి ఎక్కడైనా ఇల్లు ఉన్నా మొదటి ఇంటికి ఇచ్చే రాయితీ పోతుంది. ఆ ఇంటి విలువ 40,000 పౌండ్లు గానీ అంతకుమించి గానీ ఉంటే మొత్తం ధర మీద 5 శాతం అదనంగా పడుతుంది. మీ ఇల్లు 4 లక్షల పౌండ్లు. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లతో లెక్కేశాను: మొదటి ఇల్లయితే 5,000 పౌండ్లు, మియాపూర్ ఫ్లాట్ లెక్కలోకి వస్తే 30,000. తేడా 25,000. ఇది కంప్లీషన్‌కి, అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజుకి, వారం ముందు బయటపడితే అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఫారంలో "మొదటి ఇల్లు" దగ్గర టిక్ పెట్టి ఊరుకున్నా, తర్వాత పన్నుల శాఖ అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పండి. ఒక్క రోజు కూడా ఆగొద్దు.

వారానికి ఒక్క ఈమెయిల్ చాలు. ప్రతి ఈమెయిలూ ఎవరో ఒకరు చదివి ఫైల్లో పెట్టాలి. రోజుకి మూడు పెడితే ఆ చదివే పనిలోనే వాళ్ల టైము పోతుంది. మంగళవారమో బుధవారమో పొద్దున పంపు. శుక్రవారం, నెలాఖరు వద్దు. కంప్లీషన్లు ఎక్కువగా అప్పుడే పెట్టుకుంటారు, ఆ రోజుల్లో వాళ్లకి ఊపిరాడదు. ఫోన్ చేస్తే సొలిసిటర్ కోసం పట్టుబట్టకుండా ఆయన అసిస్టెంట్ పేరు కనుక్కో. ఫైలు చేతిలో ఉండేది ఆ మనిషి దగ్గరే. అవతలి సొలిసిటర్ నీతో మాట్లాడడు, కానీ ఎస్టేట్ ఏజెంట్ రెండు వైపులా మాట్లాడగలడు. ఇల్లు అమ్ముడైతేనే అతనికి కమిషన్, కాబట్టి అతనికీ తొందరే. చైన్‌లో, అంటే ఒకరి అమ్మకం ఇంకొకరి కొనుగోలు మీద ఆధారపడ్డ వరసలో, ఎంతమంది ఉన్నారో, అందులో ఎవరు వెనకబడ్డారో అతన్నే అడుగు. మాలాంటి చైన్ అయితే నీ కాగితాలన్నీ పూర్తయ్యాక కూడా ఆగాల్సి రావచ్చు. కిటికీ కాగితం దొరికాక కూడా, మాకు ఇల్లు అమ్మే ఆయన తను కొంటున్న ఇంటివాళ్ల వల్ల ఇంకో రెండు నెలలు ఆగాం.

బ్యాంకు ఇంటి అప్పు ఇస్తానని రాసిచ్చిన మార్ట్‌గేజ్ ఆఫర్ మీద గడువు తేదీ ఉంటుంది, అది ఇవాళే చూడు. నెలలోపు అయిపోయేలా ఉంటే ఆ అప్పు ఇప్పించే బ్రోకర్‌కి ఇప్పుడే చెప్పు. చివరి వారంలో పొడిగింపు అడగడం చాలా కష్టం.

సొలిసిటర్ని మార్చేద్దామా అన్నావు. నా మాట విని ఇప్పుడే వద్దు. కొత్తవాళ్లు నీ గుర్తింపు, డబ్బు లెక్కలు మళ్లీ మొదట్నుంచి చూస్తారు, నీ బ్యాంకు ఒప్పుకునే సొలిసిటర్ల జాబితాలో (ప్యానెల్‌లో) వాళ్లు ఉండాలి, పాతవాళ్లకి చేసిన పనికి డబ్బు కట్టాలి. నేను చెప్పినట్టు కాగితం పేరు పెట్టి అడిగినా రెండు వారాలు అసలు జవాబే రాకపోతే, మొదట్లో వాళ్లు పంపిన ఉత్తరంలో ఫిర్యాదు ఎవరికి రాయాలో ఉంటుంది, ఆ పేరుకి రాయి. ఎనిమిది వారాల్లో వాళ్లు తేల్చకపోతే లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. దానివల్ల ఇల్లు త్వరగా రాదు, కానీ ఆ ఫిర్యాదు ఉత్తరం వెళ్లాక చాలాసార్లు ఫైలు కదులుతుంది.

డబ్బు పంపే రోజున వాళ్ల బ్యాంకు నంబరు ఈమెయిల్‌లో చూసి పంపెయ్యకు. ఈమెయిళ్లు హ్యాక్ చేసి నంబర్లు మార్చే దొంగలున్నారు. నీ దగ్గర మొదట్నుంచీ ఉన్న ఫోన్ నంబరుకి చేసి, ఒక్కొక్క అంకె చదివించుకో.

అద్దె ఇంటికి నోటీసు ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా ఇవ్వొద్దు. ముహూర్తం కూడా అప్పటిదాకా పెట్టించొద్దు, ఇది మీ అమ్మకి గట్టిగా చెప్పు. ఎందుకంటున్నానంటే, మేము ఆఫర్ ఒప్పుకోగానే మా అత్తగారు వైశాఖంలో ముహూర్తం పెట్టించుకుని, పాలు పొంగించడానికి ఇత్తడి గిన్నె సూట్‌కేసులో చీర మడతల మధ్య పెట్టుకుని వచ్చారు. ముహూర్తం దాటిపోయింది. రోజూ సాయంత్రం ఆ వీధి దాకా నడిచి వెళ్లి బయట నుంచే ఇల్లు చూసి వచ్చేవారు. జూన్‌లో ఆవిడ టికెట్ తారీఖు వచ్చింది, వెళ్లిపోయారు. తాళాలు జూలైలో వచ్చాయి. అప్పుడు ఆషాఢం. శ్రావణం దాకా ఆగి పాలు పొంగించాం. ఆవిడ మళ్లీ రాలేకపోయారు. ఆ ఇంటి లోపల అడుగు పెట్టనే లేదు.

కాబట్టి అన్నయ్యా వదినా టికెట్లు ఇప్పుడే కొనొద్దు. ఎక్స్‌ఛేంజ్ అయిన రోజునే కంప్లీషన్ తారీఖు రాతపూర్వకంగా ఖాయమవుతుంది. అప్పుడు పంతులుగారిని అడుగుదాం.

రేపు మియాపూర్ సంగతి చెప్పాక నాకు ఫోన్ చెయ్యి. సొలిసిటర్ పంపిన ఎంక్వైరీల లిస్టు ఉంటే నాకు పంపు, శనివారం ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం. అత్తగారి గిన్నె నా దగ్గరే ఉంది. చింతపండుతో తోమి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ అత్త