నటుడికి ప్రాణాయామం ఎంతవరకు పనికొస్తుంది?

విశాఖలో ఒక నాటక సమాజంలో కొత్తగా చేరానని, ప్రాణాయామం నటనకు నిజంగా ఉపయోగపడుతుందా అని, ‘ప్రాణశక్తిని ప్రేక్షకుల వైపు ప్రసరింపజేయాలి’ అని మీ శిక్షకులు చెప్పేదానికి అర్థముందా అని అడిగారు. పద్య నాటకాలలోనూ సాంఘిక నాటకాలలోనూ వేషాలు వేసి, ప్రస్తుతం కొత్తవారికి తర్ఫీదు ఇస్తున్న అనుభవంతో జవాబు రాస్తున్నాను.

ప్రాణాయామం ఉపయోగపడుతుంది, అయితే దాన్ని మాటతోనూ చర్యతోనూ కలిపి సాధన చేసినప్పుడే. పద్యం చివర రాగం తీయవలసిన నటుడికి ఎంత గాలి పీల్చామన్నదానికన్నా, పీల్చినదాన్ని ఎంత పొదుపుగా వదులుతున్నామన్నది ముఖ్యం. అందుకే నేను తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదిలే భ్రామరితో మొదలుపెట్టించి, ఆ ఝుంకారాన్నే మెల్లగా ‘ఆ’కారంలోకి తెరిపించి, తరువాతి నిశ్వాసంలో ఒక పద్యపాదాన్ని తొందరపడకుండా చెప్పిస్తాను, ఈ క్రమంలో భుజాలు పైకి లేస్తే అక్కడే ఆపి, ఊపిరి పక్కటెముకలను, పొట్టను విప్పేలా మళ్లీ మొదలుపెట్టిస్తాను. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో శ్వాస సాధన హాయిగానే ఉంటుంది గానీ, గొంతు సాధన మాత్రం అక్కడ వద్దంటాను, ఎందుకంటే అలల హోరును మించాలని కుర్రవాళ్లు తెలియకుండానే అరవడం మొదలుపెడతారు.

వేదిక భయానికి నాడీశోధన, అంటే ముక్కు రంధ్రాలను మార్చి మార్చి నిదానంగా శ్వాసించడం, మంచిదే. నిశ్వాసాన్ని నిదానంగా పొడిగిస్తే గుండె వేగం తగ్గుతుంది. కానీ ఆవేశంతో ప్రవేశించవలసిన దృశ్యానికి ముందు దాన్ని ఎక్కువసేపు చేసిన నటుడు ప్రశాంతంగా, తనలో తాను మునిగి వేదిక ఎక్కడం చాలాసార్లు చూశాను. పోలండ్ దర్శకుడు గ్రోటోవ్‌స్కీ కూడా హఠయోగాన్ని నటుల శిక్షణలో ప్రయత్నించి, అది కలిగించే అంతర్ముఖత్వం అభివ్యక్తికి అడ్డు వస్తుందని గమనించి, ఆసనాలను యథాతథంగా వాడకుండా మార్చుకున్నాడు. ఇక ఉత్సాహం కోసమని తెర వెనుక భస్త్రిక, అంటే కొలిమితిత్తిలా బలంగా ఊపిరి పీల్చి వదలడం, వేగంగా చేయడం నాకు బొత్తిగా నచ్చదు: రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది, పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ స్థితిలో మెట్లెక్కి దీపాల వెలుగులోకి రావాలి. అధిక రక్తపోటు, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు భస్త్రిక జోలికి, పొట్ట కుదుపుతో ఊపిరిని బయటికి నెట్టే కపాలభాతి జోలికి వెళ్లకూడదు.

ప్రాణశక్తి ప్రసరణ విషయానికి వస్తే, మాస్కోలో 1912లో మొదలైన ఫస్ట్ స్టూడియో అనే నటనా శిక్షణ కేంద్రంలో రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ యువ నటుల చేత ఇలాంటి అభ్యాసాలే చేయించాడు. ఆయన చదివినవి యోగి రామచారక పేరుతో వెలువడిన పుస్తకాలు; ఆ పేరు వెనుక ఉన్నది విలియం వాకర్ అట్కిన్సన్ అనే అమెరికన్ న్యాయవాది! మన యోగం అంత చుట్టు తిరిగి రష్యా రంగస్థలానికి చేరింది. అది భౌతికమైన శక్తియేనా అన్న చర్చ నటుడికి అనవసరమని నా అభిప్రాయం. ధ్యాస తన మీద నుంచి ఎదుటి పాత్ర మీదికి మళ్లిందా లేదా అన్నదే చూస్తాను. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, మాటలు లేకుండా ఒకరు నిశ్వాసంతో పాటు ‘ఆగు’ అనో ‘దగ్గరికి రా’ అనో మనసులో స్పష్టంగా కోరుకోవాలని, రెండోవారు తమకు అనిపించినట్టు కదలాలని చెబుతాను. కోరిక లేకుండా ఊరికే కళ్లు పెద్దవి చేసి ‘శక్తి పంపుతున్న’ నటుడి ఎదుట అవతలి మనిషి కదలడు. మీ శిక్షకులు మళ్లీ ప్రసరించమన్నప్పుడు, ఈ దృశ్యంలో నా పాత్ర ఎవరి నుంచి ఏం కోరుతోందని అడిగి, ఆ జవాబుతోనే అభ్యాసం చేయండి.