సూర్యాపేట వెళ్లిపోతే టెన్షన్ తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 38, మావారికి 41. నిజాంపేటలో సొంత ఫ్లాట్, ఎనిమిదో తరగతి చదివే పాప. ఇద్దరికీ కలిపి నెలకు 1,72,000 చేతికొస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 46,000, నా కారు ఈఎంఐ 13,800. నెలకు 20,000 చొప్పున 25 నెలల చీటీలో 11 నెలలు కట్టాం. ఎనిమిది సిప్‌లకు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టేవి) 18,000 పోతుంది. మూడు ఎల్ఐసీ పాలసీలు, నాలుగు క్రెడిట్ కార్డులు, ఐదు బ్యాంకు ఖాతాలు ఉన్నాయి. ఆ ఖాతాలన్నింటిలో కలిపి 2,10,000 ఉంటుంది. అయినా మార్చిలో 2,500 సిప్ బౌన్స్ అయి 590 పోయింది. నెలంతా ఇదే టెన్షన్. ఆదివారం బిర్యానీ (నెలకు 3,600), పాప కూచిపూడి క్లాసు (2,500), అమ్మకు పంపే 5,000 ఆపేద్దామనుకుంటున్నాను. నేను నాంపల్లి ఆఫీసుకు మెట్రోలోనే వెళ్తాను. ఆయన తన కారులో కోకాపేట వెళ్తారు. ఫ్లాట్ అమ్మేసి సూర్యాపేట వెళ్లి సింపుల్‌గా బతుకుదామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఫ్లాట్ అమ్మకండి. సూర్యాపేట వెళ్లినా ఈ ఐదు ఖాతాలు, నాలుగు కార్డులు మీతోపాటే వస్తాయి, రెండు జీతాలు మాత్రం రావు. ఊరి మీద నిజంగా మనసుంటే వేసవి సెలవుల్లో నెల రోజులు ఉండి చూడండి. పాప ఏమంటుందో కూడా వినండి. మీకున్నది డబ్బు తక్కువై వచ్చిన కష్టం కాదు, లెక్కకు మించి తేదీలు గుర్తుపెట్టుకోవాల్సి రావడం.

మీరు ఆపేద్దామన్న మూడూ కలిపితే 11,100. ఇంట్లో అందరూ కలిసి తినేది, పాప ఇష్టంగా నేర్చుకునేది, అమ్మకు ధైర్యంగా ఉండేది, అన్నీ అందులోనే ఉన్నాయి. 13,800 ఈఎంఐ కట్టే కారు మాత్రం ఆ జాబితాలో లేదు. జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్‌లో ఎక్కితే రైలు మారకుండా నాంపల్లిలో దిగుతారు. అలాంటప్పుడు సెల్లార్‌లో కవర్ కప్పుకుని ఉన్న బండికి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ ఎందుకు? అమ్మేయండి. ముందు లోన్ ఇచ్చిన బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకుని, బాకీ ఎంతో, ముందే కడితే చార్జీ ఎంతో చూసుకోండి. బాకీ తీరాక ఎన్‌ఓసీ (బ్యాంకుకు అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో లోన్ పేరు తీయించాలి. అది తీయకుండా బండి కొన్నవాళ్ల పేరుకు మారదు.

ఇక ఖాతాలు. 2,10,000 ఉండి కూడా 2,500 కోసం బౌన్స్ కావడమంటే డబ్బు ఒకచోట, కటింగ్ ఇంకోచోట ఉన్నట్టే. పాత కంపెనీలు తెరిపించిన శాలరీ అకౌంట్లు ఇలాగే పోగుపడతాయి. రెండు చాలు. మొదటి దాంట్లో జీతాలు పడాలి, ఈఎంఐలు, సిప్‌లు, చీటీ అందులోంచే పోవాలి. హోమ్ లోన్ తేదీని కదపకుండా మిగతావాటిని దాని దగ్గరకు తెచ్చుకోండి. రెండోది ఇంటి ఖర్చుకు. ప్రతి సోమవారం ఆ వారానికి సరిపడా అందులో వేసుకుని, యూపీఐ దానికే పెట్టుకోండి. కూరగాయల నుంచి స్విగ్గీ దాకా అన్నీ అక్కడే తేలిపోతాయి. శుక్రవారానికే ఖాళీ అయితే ఆ వారం ఏం జరిగిందో మీకే తెలుస్తుంది, ఖర్చుల డైరీ రాయక్కర్లేదు. (ఆ డైరీ పదో తేదీ దాటి రాసినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.)

మిగతా మూడు ఖాతాలు మూసే ముందు పీఎఫ్, ఇన్‌కమ్ టాక్స్ రీఫండ్, గ్యాస్ సబ్సిడీ వేటికి లింక్ అయ్యాయో చూసి మార్చుకోండి. ఊరికే వదిలేయకండి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా ఇనాపరేటివ్ (వాడకంలో లేనిది) అవుతుంది. పదేళ్లు దాటితే డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. తర్వాత అడిగి తెచ్చుకోవచ్చు గానీ తిరగాలి.

కార్డుల్లో అన్నిటికన్నా పాతది, ఇంకొకటి ఉంచుకోండి. మిగతా రెండింటి పాయింట్లు వాడేసి, బాకీ సున్నా చేసి, మూసేయమని రాతపూర్వకంగా అడగండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకు ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే రోజుకు 500 చొప్పున మీకే కట్టాలి. ఉంచుకున్న రెండు కార్డుల బిల్లింగ్ తేదీ మార్చమని కూడా అడగొచ్చు.

సిప్‌లు రెండు చాలు. ఒకటి ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీలాంటి సూచీలోని షేర్లనే కొనేది), ఇంకోటి ఫ్లెక్సీ క్యాప్ (చిన్నా పెద్దా అన్ని కంపెనీల్లో పెట్టేది). మీ పాన్ మీద కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్ (ఫండ్లన్నీ ఒకేచోట చూపే లెక్క) తెప్పించి చూడండి, ఎనిమిదింట్లోనూ అవే పెద్ద కంపెనీలు కనిపించే అవకాశం ఎక్కువ. మిగతా ఆరూ ఆపండి, యూనిట్లు మాత్రం ఒక్కసారిగా అమ్మకండి. ఈక్విటీ ఫండ్లలో ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను. ఏడాది దాటినవాటిలో ఆర్థిక సంవత్సరానికి ఒక్కొక్కరికి 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏటా కొన్ని తీసేస్తూ రండి.

చీటీ మధ్యలో వదిలితే నష్టం మీకే. మిగిలిన 14 నెలలూ కట్టేయండి. అవసరం లేకుండా వేలం పాడొద్దు. అది అయిపోగానే చీటీ నడిపే ఫోర్‌మన్ ఇంకోదాంట్లో చేరమంటాడు, మొహమాటపడకండి.

ఖాతాలు మూయగా వచ్చినదాన్ని ఎఫ్‌డీ చేసి అత్యవసరానికి ఉంచండి. కారు ఈఎంఐ మిగిలే 13,800 కూడా ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలకు సరిపడా పోగయ్యేదాకా అందులోకే పోవాలి.

ఎల్ఐసీల్లో మెచ్యూరిటీకి దగ్గరపడ్డవి కదపకండి. కొత్తగా తీసుకున్నది ఏదైనా ఉంటే పెయిడప్ చేస్తే (ఇక ప్రీమియం కట్టకుండా పాలసీని ఉంచుకుంటే) ఎంత వస్తుందో, సరెండర్ చేస్తే (ఇప్పుడే రద్దు చేసుకుంటే) ఎంత వస్తుందో బ్రాంచిలో రాయించుకుని పోల్చండి. హోమ్ లోన్ ఉండగా ఇద్దరికీ టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) తప్పదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. ఆ టర్మ్ పాలసీ చేతికొచ్చాకే పాతవాటి జోలికి వెళ్లండి.