పదిహేడేళ్లు కూర్చోమని ఏ దశా చెప్పదు

ప్రశ్న: మాది వనపర్తి. మావారికి 38 ఏళ్లు. 2013లో పెళ్లయింది, 2014లో మొబైల్ రిపేరు షాపు పెట్టారు, 2016లో పాప పుట్టింది. రెండేళ్ల కింద షాపులో వాటాదారు సరుకంతా ఉద్దెర తెచ్చి, నాలుగున్నర లక్షల బాకీ మా నెత్తిన వేసి పోయాడు. షాపు మూతపడింది. జాతకం చూపిస్తే, సరిగ్గా ఆ నెలలోనే శని మహర్దశ మొదలైందని, 19 ఏళ్లు ఏదీ కలిసిరాదని చెప్పారు. శాంతి హోమానికి, నీలం ఉంగరానికి 60 వేలయ్యాయి. నా గొలుసు కుదువ పెట్టాం. ఏలినాటి శని కూడా ఉందని మా అత్తమ్మ అంటుంది. ఆయనది చిత్త మూడో పాదం, తులారాశి. ఏ పనికీ పోవడం లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు. మొన్న "నా నీడ పడితే మీకే కీడు, నేను లేకుంటే మీరన్నా బాగుపడతరు" అన్నారు. ఇంకా 17 ఏళ్లు ఎట్లా గడపాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది దశ కాదు, ఆయన మొన్న అన్న ఆ మాట. దాన్ని విసుగులో అన్నారని వదిలేయకండి. ఈ రాత్రే పక్కన కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని చాలామంది వెనకాడతారు. అట్లా జరగదు, లోపలి బరువు బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా ఉంచకండి. ఇంట్లో పురుగుల మందు, నిద్రమాత్రలు ఉంటే తీసేయండి. మానసిక బాధల్లో సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్, నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. మీరు చేసినా సరే, ఆయన చేసినా సరే.

నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు లేకపోవడం, తానే అందరికీ కీడు అనుకోవడం డిప్రెషన్ లక్షణాలు. డాక్టరుకు చూపించాల్సిన బాధ ఇది.

ఇక జాతకం. నమ్మకం వదిలేయమని నేను అనను. కానీ ఆయనకు చెప్పింది ఆ శాస్త్రం లెక్కకే నిలవదు. ఏలినాటి శని, శని మహర్దశ రెండూ వేరు. జన్మరాశికి ముందు రాశిలో, జన్మరాశిలో, తర్వాతి రాశిలో శని నడిచే ఏడున్నరేళ్లు ఏలినాటి శని. 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చాక అది కుంభ, మీన, మేష రాశులకు. తులకు 2009లో మొదలై 2017లోనే వెళ్లిపోయింది. ఇప్పుడు మీరు రాసిన సంవత్సరాలు చూడండి. పెళ్లి 2013, షాపు 2014, పాప 2016. మీ ఇంట్లో జరిగిన మంచి అంతా ఏలినాటి శనిలోనే జరిగింది! ఈ మూడు తేదీలూ ఒక కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టండి.

మహర్దశ సంగతి కూడా అంతే. జన్మనక్షత్రాన్ని బట్టి తొమ్మిది గ్రహాలకు వరసగా ఏళ్లు పంచేది వింశోత్తరి లెక్క. ఒక్కో గ్రహం వంతు ఒక మహర్దశ. మొత్తం 120 ఏళ్లు, అందులో శనికి 19. అది ఒకే ముద్ద కాదు. లోపల తొమ్మిది అంతర్దశలు మారుతుంటాయి: శనిలో శని మూడేళ్లు, తర్వాత బుధుడు రెండేళ్ల ఎనిమిది నెలలు, ఇట్లా. పుష్యమి, అనూరాధ, ఉత్తరాభాద్రలో పుట్టిన పిల్లలు శని దశలోనే కళ్లు తెరుస్తారు. వాళ్లంతా పెరిగి చదువుకోవడం లేదా? లగ్నం అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి. వృషభ, తులా లగ్నాలకైతే శనిని యోగకారకుడనే, అంటే మేలు చేసేవాడనే అంటారు. లగ్నం ప్రస్తావన మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

"సరిగ్గా ఆ నెలలోనే" అన్నారు చూడండి, ఆయన మనసులో నాటుకున్నది అదే. పుట్టిన గడియ ఎవరు చెప్పారు? అత్తమ్మ "పొద్దుగూకినంక పుట్టిండు" అని చెప్పి ఉంటే, అది ఆరు కావచ్చు, ఎనిమిది కావచ్చు. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి సుమారు 24 గంటలు. చిత్తలో పుట్టినవాళ్లకు మొదటిది కుజ దశ, ఏడేళ్లు. పుట్టిన గడియకు చంద్రుడు నక్షత్రంలో ఎంత దాటాడో, ఆ దశలో అంత అయిపోయినట్టు లెక్క. అంటే ఒక గంట తేడా వస్తే దశలన్నీ మూడున్నర నెలలు జరుగుతాయి, రెండు గంటలకు ఏడు నెలలు. నెల తప్పకుండా కలిసిందంటే నేను నమ్మలేను. షాపు మునిగింది వాటాదారు మోసం వల్ల. దానికి మీవారి గ్రహాలను, ఆయన నీడను నిందించడం అన్యాయం.

ఈ మాటలన్నీ ఆయనతో వాదనలాగా పెట్టుకోకండి. "అంతా అబద్ధం" అంటే ఇంకా ముడుచుకుపోతారు. గుడికి పోతే మనసు కుదుటపడుతుందంటే నందివడ్డెమాన్ శనేశ్వరాలయం మీకు దగ్గరే. ఒక శనివారం ముగ్గురూ వెళ్లి తైలాభిషేకం చేయించుకుని రండి. ఇకమీదట హోమాలకు, రాళ్లకు మాత్రం రూపాయి ఇవ్వొద్దు. మొదట గొలుసు విడిపించుకోవాలి. శని కష్టపడి పనిచేసేవాళ్ల దేవుడని పెద్దలు అంటారు కదా. డాక్టరు సరే అన్నాక, తెలిసినవాళ్ల షాపులో రోజూ రెండు గంటలు కూర్చోనివ్వండి. డిస్‌ప్లేలు మార్చే చేతులు ఆ పని మర్చిపోవు. సొంత షాపు గురించి ఇప్పుడే మాట్లాడకండి. బాకీ విషయం మీ అన్నదమ్ములనో, ఆయన వైపు పెద్దలనో పిలిచి, అప్పులవాళ్లతో వాయిదాలు మాట్లాడించండి. ఆయన ఒక్కరే మోయలేరు.

మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈ వారమే తీసుకెళ్లండి. అత్తమ్మనూ వెంట పెట్టుకోండి. కొడుకు ఎన్నాళ్ల నుంచి నిద్రపోవడం లేదో ఆమె నోటితో డాక్టరుకు చెబితే మీవారు కాదనలేరు. ఆమెకూ ఇది శని కాదని డాక్టరు నోటి నుంచే తెలియనివ్వండి.